కుర్చీ దిగినవాళ్ళ అప్పీలు

జూన్ 3

ఈ రోజు ఇబ్బంది ఏమీ లేదు. పొద్దున లేచాను. తొట్టి దగ్గర నా వంతు చేశాను. మధ్యాహ్నం భోజనం చేశాను. ఆరోగ్యం బాగానే ఉంది.

ఇట్లు, గరికిన దానయ్య, మాజీ నాయక్, జలదళం.

జూన్ 4

నిన్న రాసింది సరోజినిగారు చదివి, కాగితం తిరిగి నా ఒళ్ళో పెట్టేశారు. ఆవిడ జలదళం ఆసుపత్రిలో నర్సుగా పనిచేసి దిగిపోయిన మనిషి. ఇప్పుడు మాలాంటి వాళ్ళ వైకల్యం అప్పీళ్ళు చూసిపెడుతున్నారు.

"అంతా బాగానే ఉంటే అప్పీలు ఎందుకు దానయ్యగారూ?" అన్నారు.

"అలగ రాయడం అలవాటైపోనాదండి."

"అప్పీళ్ళు వినే మండలి వాళ్ళు చదివేది మీరు రాసిందే. మీ రోజు ఎలా గడుస్తుందో మీ మాటల్లో ఉండాలన్నారు. సెలవు చీటీ రాసినట్టు రాస్తే ఎలా?" కాసేపు నా మొహంలోకి చూశారు. "పొద్దున్నుంచి నీళ్ళు తాగలేదు కదూ?"

నా పెదాలు ఎండి చీలి ఉన్నాయి.

"మా ఇంటికి రావాలని మానేశారు. రేపు వంతుకి వెళ్ళాలని మానేస్తారు. అదే రాయండి."

సరే, రాస్తున్నాను. నాకు మూత్రం వస్తున్న సంగతి తెలియదు. తడి కంటబడితే తెలుస్తుంది. ఒక్కోసారి ఎదుటివాళ్ళ మొహం మారడం చూసి తెలుస్తుంది. నడుము కింద నుంచి నా ఒళ్ళు నాకు కబురు పంపడం మానేసింది. కళ్ళు మూసుకుంటే కాళ్ళు ఎక్కడున్నాయో చెప్పలేను. చేతుల సంగతి కూడా అలాగే అవుతోంది. గిన్నె పట్టుకున్నానో లేదో చూసుకుంటే గానీ తెలియదు.

ఈ నాలుగు ముక్కలు రాయడానికి పొద్దు వాలిపోయింది. కాగితం మూసేసి మళ్ళీ తెరిచాను. చదివేవాళ్ళు ముగ్గురట. వాళ్ళ మొహాలు ఎలా ఉంటాయో నాకింకా తెలియదు.

జూన్ 5

ఇది ఎలా వచ్చిందో కూడా రాయమన్నారు.

మాది పీతల దళం. సముద్రం అడుగున తీగల కోసం యుద్ధం జరిగినప్పుడు లోతుల్లో తిరిగిన ఇనప పీతలను నడిపింది మేమే. మేం నీళ్ళలోకి దిగేవాళ్ళం కాదు. ఒడ్డున కుర్చీలో కూర్చోబెట్టి మెడ వెనక తీగ కలిపేవారు. కలపగానే పీత కాళ్ళు మన కాళ్ళయిపోయేవి. అడుగున బురద ఎంత మెత్తగా ఉందో, రాయి ఎంత చల్లగా ఉందో తెలిసేది. అక్కడ కుర్చీలో కూర్చున్న మన ఒంటి సంగతి గొట్టాలు చూసుకునేవి. తిండికో గొట్టం, మిగతావాటికి ఇంకొకటి. ఒకసారి కూర్చుంటే రోజుల తరబడి లేచేవాళ్ళం కాదు. అలా ఏళ్ళు గడిచాయి. ఆ ఏళ్ళన్నీ నా ఒంటికి నాతో పని లేకపోయింది. కుర్చీ దిగిన తర్వాత మళ్ళీ అలవాటు పడుతుందన్నారు. పడలేదు.

దిగేటప్పుడు చేసిన పరీక్ష కూడా ఆ కుర్చీలోనే చేశారు. నరాలన్నీ చక్కగా పలికాయి. తీగ తగిలించినంతసేపూ నా ఒళ్ళు నాకు తిరిగి వచ్చేస్తుంది మరి. వైకల్యం ఇరవై శాతం అని రాసి, ఏమైనా చెప్పుకునేది ఉందా అని డాక్టరు అడిగాడు. కుర్రవాడు. పక్కన ఇద్దరు అమ్మాయిలు రాసుకుంటున్నారు. ఏమీ లేదన్నాను.

ఇప్పుడు మా కొండ కాలనీలో యాభై శాతానికి తక్కువ ఉన్నవాళ్ళంతా వంతు పనులకు తగినవాళ్ళే. నాకు కొండ మీదికి తొట్టిని లాగే మర పని పడింది.

జూన్ 7

ఇది రాయకూడదనుకున్నాను. బండెమ్మ రాయమంది. బండెమ్మ నా భార్య.

పాత చీరలు చింపి ముక్కలు చేసి నాకు పెడుతుంది. పొద్దున్నే ఉతికి, ఇంటి వెనక వలల కింద ఆరేస్తుంది. ఎవరికీ కనబడదనుకునేవాణ్ణి. ఈ రోజు రేషను వరసలో పక్కింటి కాసులమ్మ నన్ను ఆపింది.

"మీ ఆడమనిషికి మందు దొరికిందేటి అన్నయ్యా? పాపం ఈ వయసులో ఆ జబ్బేటి. మొన్న కుళాయి దగ్గర పిల్లలు ముక్కులు మూసుకుని నవ్వుతుంటే నానే కసిరినాను."

నాకు వెంటనే అర్థం కాలేదు. అర్థమయ్యాక బియ్యం తీసుకోకుండానే ఇంటికొచ్చేశాను.

"నీకు జబ్బని సెప్పినావా?" అని అడిగాను.

బండెమ్మ చోడంబలి కలుపుతోంది. తలెత్తలేదు. "గుడ్డలు సూసి అడిగినారు. ఏటో ఒకటి సెప్పాల గదా. ఆడదాన్ని, కాన్పులైనదాన్ని. నాకుందంటే నమ్మీసినారు."

"ఎన్నాళ్ళైంది?"

"నువ్వు దళం నుంచి దిగొచ్చిన కాడినుంచి."

కుళాయి దగ్గర పిల్లలు నవ్వితే నిలబడి కడవ నింపుకుంది. పెళ్ళిళ్ళకు పిలిస్తే కడుపు నొప్పని వెళ్ళలేదు. ఆవిడకి నలుగురిలో కూర్చోవడం ఇష్టం లేదేమోనని నేను అనుకునేవాణ్ణి. ఒకసారి ఆ మాట పైకి అన్నాను కూడా.

నా మీద నాకు ఎంత రోత పుట్టిందో ఎలా రాయాలో తెలియడం లేదు. జబ్బు వల్ల పుట్టిన సిగ్గు ఒకటి. ఇది వేరు.

జూన్ 10

తొట్టి దగ్గర ప్రమాదం తప్పింది. తప్పించింది నేను కాదు.

పాత ఊరు నీళ్ళలో కలిసిపోయాక కొండ కింద మిగిలింది పడవలు కట్టే రేవు ఒక్కటే. మనుషులు, చేపలు, మంచినీళ్ళు అన్నీ తొట్టిలోనే పైకీ కిందకీ తిరుగుతాయి. తొట్టిని దించేదీ లాగేదీ పైనున్న మర. కరెంటుతో తిరిగేదే అయినా, తొట్టి కదులుతున్నంతసేపూ తాడు మీద ఒక చెయ్యి ఉండాలి. తాడు బరువు చేతికి తెలిస్తేనే ఎప్పుడు బిగించాలో తెలుస్తుంది. గాలి తిరిగితే మరకంటే ముందు చేతికే తెలుస్తుందంటారు. నేను చెయ్యి వేసి, కళ్ళతో తాడునే చూస్తూ ఉంటాను. చూపు తిప్పితే చెయ్యి ఉందో జారిందో తెలియదు.

ఈ పొద్దున పోలి ముసలమ్మ చేపల గంపతో పైకొస్తోంది. ఎవరో నన్ను పిలిచారు. తల తిప్పాను. అంతే. నా చెయ్యి ఎప్పుడో వదిలేసింది. తొట్టి గోడకు కొట్టుకుంటూ కిందకు జారింది. ముసలమ్మ కేక వినబడింది.

పక్కనుంచి ఎల్లాజీ వచ్చి ఇనప కడ్డీ లాగి ఆపాడు. చోడిపల్లి ఎల్లాజీ తొట్టికి పెద్ద. దళంలో నా పక్క కుర్చీ వాడిదే. వరసకు నాకు బావ. తొట్టి పైకొచ్చాక ముసలమ్మ దిగింది. చేపలు సగం సముద్రంలో పోయాయి. జనం మూగారు.

"తాడు తడిసిపోనాది. జారింది. పదండి పదండి," అన్నాడు ఎల్లాజీ.

అందరూ నమ్మారు. ఎల్లాజీ మాట ఇక్కడ ఎవరూ కాదనరు. పోలి ముసలమ్మ నా భుజం తట్టి, "నీ తప్పేటుంది నాయినా," అని వెళ్ళింది. ఆవిడ చెయ్యి నా భుజం మీద పడడం చూశాను. బరువు తెలియలేదు.

ఇంకొకటి చూశాను. కడ్డీ లాగేటప్పుడు ఎల్లాజీ తాడు వైపు చూడలేదు, తొట్టి వైపు చూడలేదు. తన చేతివేళ్ళ వైపు చూశాడు. వేళ్ళు మూసుకున్నాయని కళ్ళతో తేల్చుకున్నాకే లాగాడు. అలా చూసుకునేది ఒళ్ళు తెలియని మాలాంటివాళ్ళే.

జనం పోయాక అడిగాను. "బావా, నీకూ ఉందేటి?"

"నాకేటీ నేదు," అన్నాడు. "నువ్వు ఇంటికెళ్ళి తొంగో."

జూన్ 12

సరోజినిగారు కొత్త చిక్కు చెప్పారు. జబ్బు ఉందని చూపిస్తే చాలదట. అది దళం పని వల్లే వచ్చిందని తేలాలి. "వయసు వల్ల అంటారు, షుగరు అంటారు. మీతో పాటు కుర్చీలో కూర్చున్నవాళ్ళలో ఇంకొకరికి ఇదే ఉందని ఆ మనిషే వచ్చి చెబితే, ఇక కాదనడానికి ఉండదు. ఎవరైనా ఉన్నారా?"

"అడిగి సూస్తానండి," అన్నాను.

సాయంత్రం ఎల్లాజీ ఇంటికి వెళ్ళాను. కోడలు నాకు కుర్చీ వేసి, మనవణ్ణి నా పక్కన నిలబెట్టి లోపలికి వెళ్ళింది. నేను కూర్చోలేదు. ఎవరింటికి వెళ్ళినా కూర్చోను.

విషయం చెప్పాను. ఎల్లాజీ మనవణ్ణి లోపలికి పంపేసి తలుపు దగ్గరగా వేశాడు.

"సెప్పినాను గదా, నాకేటీ నేదని."

"నీ సేతి ఏళ్ళకేసి నువ్వు సూసుకున్నావు బావా. నాను సూసినాను."

గోడ వైపు తిరిగాడు. "నాను తొట్టి పెద్దని. ఈ కాలనీలో పతీ మనిషీ నా సేతుల మీద పేణం పెట్టి కిందకి దిగుతాడు. రేపు నాను మండలి ముందు నిలబడి నా సేతులు నాకు తెలవ్వు, నా పంచె నాకు తెలదు అని సెప్పాలా? నా కోడలి ముందు? ఆ తరవాత నాను ఎవుడిని?"

"నాను సెప్తన్నాను గదా."

"నీకేటుంది పోడానికి," అన్నాడు. అన్నాక నా వైపు చూడలేకపోయాడు.

తిరిగొస్తుంటే దారిలో బట్టలు తడిశాయి. ఎప్పుడు తడిశాయో తెలియదు. వాళ్ళింట్లో ఉన్నప్పుడే అయి ఉంటే కోడలు చూసే ఉంటుంది.

జూన్ 18

ఈ రోజు మండలి ముందు విచారణ జరిగింది. చదివేది మీరే కాబట్టి జరిగింది మీకు తెలుసు. అయినా నా వైపు నుంచి రాయాలన్నారు.

సరోజినిగారు ముందే ఒట్టు వేయించుకున్నారు. "మీ ఉపాయాలేమీ వద్దు. మామూలు మనిషి తాగినట్టు నీళ్ళు తాగి రండి. గుడ్డలు పెట్టుకోకండి. ఇన్నేళ్ళూ వాళ్ళు చూసింది మీ ఉపాయాల్ని, మిమ్మల్ని కాదు." నాకు చదువు చెప్పిన మాస్టారు కొడితే కూడా ఇంత భయం వేయలేదు.

దీపస్తంభం పక్కనున్న హాలు. బల్ల వెనక ముగ్గురు. మధ్యలో అధ్యక్షురాలు తారకేశ్వరిగారు, ఒక పక్క ముసలి డాక్టరు, మరో పక్క మా దళంలోనే ఆఫీసరుగా చేసిన ఒకాయన. గోడ వారగా బల్ల మీద బండెమ్మ.

ముందు కుర్చీ పరీక్ష అన్నారు. అది వద్దని సరోజినిగారు గట్టిగానే చెప్పారు. పద్ధతి ప్రకారం చేయాలన్నారు. మెడకు తీగ తగిలించారు.

నిజం రాయమన్నారు గనక రాస్తున్నాను. నాకు ఏడుపొచ్చేంత హాయి వేసింది. నా కాళ్ళు నాకు తెలిశాయి. గచ్చు చల్లదనం పాదాలకు తెలిసింది. వాళ్ళు తెర మీద చూపించిన ఉత్తుత్తి పీతను మూడు మెలికలు తిప్పి, రాళ్ళ సందులోంచి గీత పడకుండా తీసుకొచ్చాను. ముసలి డాక్టరు, "శభాష్, చెయ్యి తిరిగినవాడివి," అన్నాడు. పొంగిపోయాను. నా కేసు నేనే పాడుచేసుకుంటున్నానని తెలిసి కూడా పొంగిపోయాను. తీగ తీసేటప్పుడు ఇంకాసేపు ఉంచండి అందామని నోటిదాకా వచ్చింది. అది గుర్తొస్తే సిగ్గుతో చచ్చిపోతున్నాను.

తర్వాత మామూలు కుర్చీలో కూర్చోబెట్టి ప్రశ్నలు వేశారు. ఏ ఏడు చేరారు, ఏ ఒడ్డున చేశారు, ఎప్పుడు దిగారు. నేను నిటారుగా కూర్చుని జవాబులు చెబుతున్నాను. మాజీ ఆఫీసరు అడుగుతూ అడుగుతూ ఆగిపోయాడు. ఆయన చూపు కిందకు వెళ్ళి, వెంటనే చేతిలో కాగితం మీదకు వచ్చేసింది. అప్పుడు తెలిసింది. కుర్చీ అంచు నుంచి గచ్చు మీదకు కారుతోంది.

నేను లేవలేదు. లేస్తే పడతానేమోనని భయం. బండెమ్మ లేచి వచ్చి తన భుజం మీది తువ్వాలు నా ఒళ్ళో వేసి, ఇంకో గుడ్డతో గచ్చు తుడవడానికి వంగింది. అధ్యక్షురాలు, "వద్దమ్మా, మా మనుషులున్నారు," అన్నారు.

"నాకలవాటేనమ్మా," అంది బండెమ్మ.

దళంలో నాకు పతకం ఇచ్చిన రోజున కూడా బండెమ్మ హాలులో ఉంది. ఆ రోజు నన్ను చూసిన మనుషులు, ఈ రోజు చూసినవాళ్ళు వేరువేరు లోకాలవాళ్ళనిపించింది.

ముసలి డాక్టరు గొంతు తగ్గించి అడిగాడు. "దానయ్యా, జబ్బు ఉందని ఒప్పుకుంటున్నాం. ఇది కుర్చీ వల్లే అనడానికి ఇంకొకరు కావాలి. మీ దళంలో ఎవరికైనా ఉందా?"

ఉంది, నాకు తెలుసు. ఇదీ, ఎల్లాజీ సంగతి రాసిన మిగతా కాగితాలూ అతను చెప్పుకునేదాకా నా దగ్గరే ఉంటాయి. పేరు చెబితే నా పని అయిపోతుంది. ఎల్లాజీ పరువూ అయిపోతుంది. చెప్పకపోతే రేపు పొద్దున మళ్ళీ జనం అతని చేతుల మీద కిందకు దిగుతారు.

"ఉంటే ఆ మనిషే సెప్పాలండి. నాను సెప్పకూడదు," అన్నాను. "ఒక్కటి మాత్రం సెయ్యండి. నన్ను తొట్టి పని నుంచి ఇయాలే తీసీయండి. నా సేతిలో మనుషులు సచ్చిపోతారు."

తీసేశారు. విచారణ వాయిదా వేశారు.

జూన్ 20

ఎల్లాజీ తొట్టి దగ్గర ఒంటరిగా ఉన్నప్పుడు వెళ్ళాను. హాలులో ఏం జరిగిందో కాలనీ అంతా పాకిపోయింది. అతనికీ తెలుసు.

"నీ పేరు సెప్పనేదు," అన్నాను.

"తెలుసు."

"నీ కోడలు మీ మనవణ్ణి ఎత్తుకుని ఇదే తొట్టిలో దిగుతాది బావా."

అతను మర వైపే చూస్తున్నాడు.

"వాయిదా నాటికి నువ్వు రాకపోతే నాను సెప్పీస్తాను," అన్నాను. "నా పర్సెంటు కోసం కాదు."

నోటితో కాదన్నాను గానీ, కాస్తయినా అందుకోసం కాదని గట్టిగా చెప్పలేను. పక్క కుర్చీలో ఏళ్ళ తరబడి కూర్చున్న మనిషిని బెదిరించి వచ్చాను. ఒకసారి లోతులో నా పీత వలలో చిక్కుకుంటే తన పీత కాలు తెంపుకుని నన్ను విడిపించినవాడు. పీతకు తగిలిన నొప్పి మాకూ తెలిసేది. ఆ నొప్పి అతను వారం రోజులు మోశాడు.

ఎల్లాజీ ఒక్క మాటే అన్నాడు. "ఎల్లు."

జూన్ 27

వాయిదా. ఎల్లాజీ రాలేదని పిలుపు దాకా మెట్ల మీదే నిలబడ్డాను. లోపలికి పిలిచారు. కూర్చున్నాను. అధ్యక్షురాలు అడగబోతున్నారు. నోరు తెరవబోతున్నాను. తలుపు దగ్గర ఎవరో దగ్గారు.

ఎల్లాజీ. ఉతికిన తెల్లచొక్కా వేసుకుని, దళం టోపీ చేత్తో పట్టుకుని ఉన్నాడు. టోపీ ఉందో లేదో వంగి చూసుకుంటూ వచ్చాడు. వెనక కోడలు.

"నాను సెప్పుకునేది ఉందండి," అన్నాడు. తర్వాత నా వైపు చెయ్యి చూపించి, "ఈడిని బయటికి పంపండి. ఈడి ముందు సెప్పలేను," అన్నాడు.

కోడలి ముందు చెప్పగలడు. బల్ల వెనక ముగ్గురి ముందు చెప్పగలడు. నా ముందు చెప్పలేడు. నాకు కోపం రాలేదు. లేచి బయటికి వచ్చి, బండెమ్మ పక్కన నిలబడ్డాను. తలుపు మందంగా ఉంది. మాటలు వినబడలేదు.

అతను బయటికి వచ్చినప్పుడు నేను కిటికీలోంచి సముద్రం వైపు చూస్తూ నిలబడ్డాను. తిరిగి చూడలేదు. అతనికి ఇవ్వడానికి నా దగ్గర అంతకంటే ఏమీ లేదు. అతని చెప్పుల చప్పుడు నా వెనక కాసేపు ఆగి, మెట్లు దిగిపోయింది. కోడలు మాత్రం వెళ్తూ వెళ్తూ బండెమ్మ చెయ్యి పట్టుకుని, "అత్తా, ఆ గుడ్డలు ఎలగ మడతెట్టాలో రేపొచ్చి సూస్తాను," అని మెల్లగా అంది.

ఎల్లాజీ తన చేత్తోనే తొట్టి తాళాలు కాలనీ ఆఫీసులో ఇచ్చేశాడని సాయంత్రం తెలిసింది.

జూలై 9

ఉత్తర్వు వచ్చింది. మూత్రం, కాళ్ళు దళం పని వల్ల పోయినవేనని ఒప్పుకుని అరవై శాతం ఇచ్చారు. చేతుల సంగతి తీగ లేకుండా మళ్ళీ పరీక్షించాలట. పీతల దళంలో చేసిన అందరినీ కుర్చీ లేకుండా మళ్ళీ చూడాలని కూడా రాశారు. సరోజినిగారు ఆ వాక్యాన్నే పైకి చదివి వినిపించి, చీర చెంగుతో కళ్ళద్దాలు తుడుచుకున్నారు.

కాలనీ గోడ తెర మీద అందరి శాతాలూ మామూలుగా వేసినట్టే నాదీ వేశారు. గరికిన దానయ్య, అరవై. ఏ జబ్బుకో వేయలేదు. వేయనక్కర్లేదు, అందరికీ తెలుసు.

రేషను వరసలో నిలబడితే జనం దారి ఇచ్చారు. పోలి ముసలమ్మ నన్ను తనకంటే ముందు నిలబెట్టింది. అప్పటికి ఆవిడకి కూడా తెలుసు, ఆ రోజు తాడు తడిసి జారలేదని. ఒక్క మాట తిట్టినా బాగుండేది. సంచిలో బియ్యం పోయించుకుని, ఎవరి మొహమూ చూడకుండా ఇంటికొచ్చాను.

గెలిచినవాడి మొహం ఇలా ఉండదని బండెమ్మతో అన్నాను.

"నాను మాత్రం ఇయాల కుళాయి కాడికి తలెత్తుకుని ఎల్లినాను," అంది. "కాసులమ్మకి సెప్పీసినాను, జబ్బు నాది కాదని."

అది విన్నాక ఉత్తర్వు కాగితం మళ్ళీ ఒకసారి చదివాను.

జూలై 16

ఈ వివరణ ఇక రాయనక్కర్లేదని ఉత్తర్వులోనే ఉంది. ఇది ఎవరి కోసమూ కాదు.

మా దళంవాళ్ళకు మళ్ళీ పరీక్షకు రమ్మని ఉత్తరాలు వెళ్ళాయి. ఒక్కరూ జవాబివ్వలేదట. "మీరు ఒకసారి వెళ్ళి మాట్లాడతారా?" అని సరోజినిగారు అడిగారు. నా వల్ల కాదన్నాను. ఎల్లాజీ మా ఇంటికి వచ్చి, "పద," అన్నాడు. ఆ హాలు తర్వాత మేం మాట్లాడుకోవడం అదే మొదలు.

ముందు ఉమ్మిడి మసేను ఇంటికి వెళ్ళాం. దళంలో మా అందరికంటే చిన్నవాడు. కొండకు అవతలి వైపు ఉంటాడు. అతను మనుషుల్లోకి రావడం మానేసి చాలాకాలమైందని విన్నాం. తలుపు కొట్టాం.

"నాకేటీ నేదు. బాగానే ఉన్నాను. ఎల్లిపోండి," అన్నాడు లోపలి నుంచి.

ఆ మాట నేను ఎన్నిసార్లు అన్నానో. ఎల్లాజీ మెట్టు మీద నా వైపు చూశాడు. వీధి కుళాయి దగ్గర ఆడవాళ్ళు కడవలు పట్టుకుని మమ్మల్నే చూస్తున్నారు. గొంతు తగ్గిస్తే మసేనుకు వినబడదు. గట్టిగా అంటే వీధంతా వింటుంది.

"మసేనూ, నాకు ఉచ్చ ఆగదురా," అన్నాను. "వొచ్చినట్టు కూడా తెలదు. మండలిలో ముగ్గురి ముందు కుర్చీలోనే పోసుకున్నాను. మా ఆడది గుడ్డలు కడతాది నాకు. కుర్చీ దిగిన కాడినుంచి ఇదే. నా సేతులు కూడా పోతన్నాయి."

కుళాయి కింద కడవ నిండి పొర్లుతోంది. ఎవరూ తీయలేదు. నేల చీలితే బాగుండుననిపించింది.

"నాకూ అంతేరా," అన్నాడు ఎల్లాజీ. మెట్టు మీద నిలబడి, గోడకు చెప్పినట్టు అన్నాడు.

గడియ తీసిన చప్పుడైంది. మసేను గడ్డం పెరిగి, చిక్కిపోయి, గుమ్మంలో నిలబడ్డాడు. "ఈదిలో ఏటా మాటలు," అన్నాడు కోపంగా. "లోపలికి రండి."

గది కిటికీలన్నీ మూసి ఉన్నాయి. చాప మీద ముగ్గురం కూర్చున్నాం. నేను కూడా కూర్చున్నాను. ఎవరు మొదలుపెడతారా అని ఒకరి మోకాళ్ళ వైపు ఒకరం చూసుకుంటూ ఉండిపోయాం.

చివరికి పొయ్యి దగ్గర నుంచి మసేను భార్య లేచి వచ్చింది. చేతులు కొంగుకు తుడుచుకుని, అతని పక్కన కూర్చుని, ఆ జబ్బు సంగతి తానే చెప్పడం మొదలుపెట్టింది.